ప్రోబయోటిక్స్ వాడాలనుకునేవారికి: జీర్ణానికి, రోగనిరోధక శక్తికి వాటిని ఎంచుకోవడం, వాడడం ఎలా?

డాక్టరు రాసిచ్చిన మందుచీటీలో యాంటీబయాటిక్ పేరు కింద మరో గొట్టం మాత్ర పేరు ఉండడం మనకు ఇప్పుడు అలవాటైపోయింది. అది ఎందుకని అడిగితే, కడుపులో మంచి బ్యాక్టీరియా పెరగడానికి అన్న సమాధానం వస్తుంది. ఆ మాట తప్పు కాదు గానీ, దానితో ఏ నిర్ణయమూ తీసుకోలేము. ఎందుకంటే ప్రోబయోటిక్ అన్నది ఒక మందు పేరు కాదు, ఎన్నో రకాల సూక్ష్మజీవులకు కలిపి పెట్టిన పేరు. జ్వరానికి ఏ మాత్ర అయినా ఒకటేనని మనం అనుకోము. ఇక్కడ కూడా అంతే జాగ్రత్త అవసరం. ఏ సూక్ష్మజీవి, ఏ ఇబ్బందికి, ఎన్ని రోజులు అన్న మూడు ప్రశ్నలకు సమాధానం దొరికాకే డబ్బు ఖర్చు పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. ఆ సమాధానాలను ఎలా వెతుక్కోవాలో కింద మెట్టు మెట్టుగా వివరిస్తాను.

మొదటి మెట్టు: దేన్ని ప్రోబయోటిక్ అనవచ్చో తెలుసుకోండి

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2001లో ఒక నిర్వచనం ఇచ్చాయి. తగినంత మోతాదులో తీసుకున్నప్పుడు మనిషి ఆరోగ్యానికి మేలు చేసే జీవించివున్న సూక్ష్మజీవులే ప్రోబయోటిక్స్ అని దాని సారాంశం. ఇందులో మూడు షరతులున్నాయి. అవి ప్రాణంతో ఉండాలి, చాలినన్ని ఉండాలి, వాటివల్ల మేలు కలుగుతుందని మనుషుల మీద జరిపిన పరీక్షల్లో తేలి ఉండాలి. ఈ మూడో షరతు వల్లనే మన ఇంటి పెరుగును శాస్త్రీయంగా ప్రోబయోటిక్ అనడానికి వీలుపడదు. అందులో జీవించివున్న బ్యాక్టీరియా కోట్లలో ఉంటుంది కానీ, అది ఏ రకమో, ఎంత ఉందో ఇంటింటికీ, రోజురోజుకీ మారిపోతుంది. అంతమాత్రాన పెరుగు విలువ తగ్గదు. దాని సంగతి ముందుముందు వివరంగా చెబుతాను.

ఈ ఆలోచనకు శాస్త్రలోకంలో చోటు కల్పించిన వ్యక్తి పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేసిన ఎలీ మెచ్నికాఫ్. రక్తంలోని కొన్ని కణాలు రోగక్రిములను మింగివేస్తాయని కనిపెట్టి, పాల్ ఎర్లిచ్‌తో కలిసి 1908లో నోబెల్ బహుమతి అందుకున్నది ఆయనే. బల్గేరియా పల్లెల్లో ఎక్కువ కాలం బతికేవారు ఉండడానికి వారు తినే పులిసిన పాలు కారణం కావచ్చని ఆయన ఊహించాడు. పెరుగు ఆయుష్షును పెంచుతుందన్న ఆ ఊహ రుజువు కాలేదు. పేగులోని సూక్ష్మజీవులను ఆహారంతో మార్చవచ్చన్న ఆలోచన మాత్రం నిలబడింది.

రెండో మెట్టు: పేగులో అవి చేసే పనిని అర్థం చేసుకోండి

మన శరీరంలో దాదాపు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటుందని 2016లో వెలువడిన ఒక లెక్క చెబుతోంది. మన సొంత కణాల సంఖ్య దాదాపు 30 లక్షల కోట్లు. ఈ బ్యాక్టీరియాలో అత్యధిక భాగం పెద్దపేగులోనే నివసిస్తుంది. అంతటి జనసమ్మర్దం ఉన్న చోటికి మనం ఒక గొట్టం మాత్రతో వంద కోట్ల సూక్ష్మజీవులను పంపినా, అవి అక్కడ స్థిరపడిపోవు. కొన్ని జీర్ణాశయంలోని ఆమ్లానికే చనిపోతాయి. మిగిలినవి పేగులోకి చుట్టపుచూపుగా వచ్చి, ఉన్నన్నాళ్లూ పనిచేసి, వాడడం మానేసిన కొన్ని రోజుల్లోనో వారాల్లోనో మలంతో వెళ్లిపోతాయి. ఒక నెల వాడితే పేగు శాశ్వతంగా బాగుపడుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

ఆ కొద్ది కాలంలో అవి చేసే పని తక్కువేమీ కాదు. లాక్టిక్ ఆమ్లం వంటివాటిని విడుదల చేసి, హానికర క్రిములు పెరగలేని పరిస్థితి కల్పిస్తాయి. వాటికి అందవలసిన ఆహారాన్ని, అవి అతుక్కోవలసిన చోటును ముందే ఆక్రమిస్తాయి. పేగు గోడ మీది జిగురు పొర పలచబడకుండా, గోడలోని కణాల మధ్య సందులు పెరగకుండా కొన్ని రకాలు తోడ్పడతాయి. వీటితోపాటు మన పేగులో శాశ్వతంగా ఉండే బ్యాక్టీరియా, మనం తిన్న పీచును పులియబెట్టి బ్యూటిరేట్ వంటి చిన్న కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తుంది. పెద్దపేగు గోడ కణాలకు ముఖ్యమైన ఇంధనం ఈ బ్యూటిరేటే. పీచు లేని భోజనం చేస్తూ మాత్రలు మింగడం, పశువులను కొని తెచ్చి మేత వేయకపోవడం లాంటిది.

మూడో మెట్టు: రోగనిరోధక శక్తి “పెరగడం” అన్న మాటను సరిచేసుకోండి

ప్రకటనల్లో ఎక్కువగా వినిపించే మాట ఇదే కాబట్టి కాస్త ఆగి చూడాలి. శరీరంలోని రోగనిరోధక కణాల్లో పెద్ద వాటా పేగు చుట్టూ ఉంటుంది. చిన్నపేగు గోడలో పేయర్ మచ్చలు అనే కణసముదాయాలు ఉంటాయి. పేగులో ఉన్న సూక్ష్మజీవుల ఆనవాళ్లు వీటికి ఎప్పటికప్పుడు చేరుతుంటాయి. ఆ ఆనవాళ్లను బట్టి ఇది ఆహారం, ఇది మనతో ఉండే బ్యాక్టీరియా, ఇది శత్రువు అన్న వివేచన రోగనిరోధక కణాలు నేర్చుకుంటాయి. కొన్ని ప్రోబయోటిక్ రకాలు పేగు లోపలి ఉపరితలాన్ని కాపాడే ఐజీ-ఎ అనే ప్రతిరక్షకాన్ని (యాంటీబాడీని) ఎక్కువగా తయారయ్యేటట్లు చేస్తాయి. కొన్ని అనవసరమైన వాపును అణచే నియంత్రక కణాలకు బలం ఇస్తాయి. అంటే ఇక్కడ జరిగేది పెరుగుదల కన్నా సమతూకం. రోగనిరోధక శక్తి అదుపు లేకుండా పెరిగితే వచ్చేవి అలర్జీలు, సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బులు. ఈ తేడా తెలిసినవారు “ఇమ్యూనిటీ బూస్టర్” అన్న పెద్దక్షరాలను చూసి సీసా కొనరు.

మేలు ఎంతవరకు సాధ్యమో చూపిన ఒక గొప్ప పరీక్ష మన పొరుగునే, ఒడిశా పల్లెల్లో జరిగింది. పినాకి పాణిగ్రాహి బృందం 4,556 మంది నవజాత శిశువులపై జరిపిన ఆ పరీక్ష ఫలితాలు 2017లో వెలువడ్డాయి. లాక్టోబాసిల్లస్ ప్లాంటారం అనే బ్యాక్టీరియాలోని ఒక నిర్దిష్ట తెగను (ఒకే జాతిలోని ఉపరకాన్ని తెగ లేదా స్ట్రెయిన్ అంటారు), దానికి ఆహారంగా పనికివచ్చే ఒక రకం చక్కెరను కలిపి సగం మందికి ఏడు రోజులపాటు ఇచ్చారు. మిగిలినవారికి ఆ బ్యాక్టీరియా లేని పొడి ఇచ్చారు. రక్తంలో ఇన్ఫెక్షన్ సోకడం లేదా మరణం, పొడి మాత్రమే తీసుకున్నవారిలో 9 శాతం మందికి సంభవిస్తే, ప్రోబయోటిక్ తీసుకున్నవారిలో 5.4 శాతానికి తగ్గింది. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు కూడా తగ్గాయి. పేగులోకి పంపిన సూక్ష్మజీవి ఊపిరితిత్తులను కాపాడిందంటే, అది రోగనిరోధక వ్యవస్థ ద్వారానే జరిగి ఉండాలి. ఈ వార్త చదివినప్పుడల్లా నాకు సంతోషం కలుగుతుంది. అయితే ఆ శిశువులు 35 వారాలు నిండాక, కనీసం రెండు కిలోల బరువుతో పుట్టినవారు. తల్లిపాలు తాగుతున్నవారు. ఇచ్చింది ఒక నిర్దిష్ట తెగ. ఈ ఫలితాన్ని చూపించి వేరే తెగ ఉన్న సీసాను పెద్దవారికి అమ్మడం న్యాయం కాదు.

పెద్దవారి జలుబు, గొంతునొప్పి విషయంలో వైద్య పరీక్షల ఫలితాలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2022లో ఇచ్చిన ఒక సమీక్ష ప్రకారం ప్రోబయోటిక్స్ కొంత మేలు చేయవచ్చు గానీ, ఆధారాల నాణ్యత అంత బలంగా లేదు. టీకాలకు, చేతులు కడుక్కోవడానికి, నిద్రకు అవి బదులు కావు.

నాలుగో మెట్టు: మీ అవసరం ఏదో తేల్చుకోండి

అన్నింటికన్నా బలమైన ఆధారం ఉన్న సందర్భం యాంటీబయాటిక్ వల్ల వచ్చే విరేచనాలు. యాంటీబయాటిక్ రోగక్రిమిని చంపే క్రమంలో పేగులోని మన బ్యాక్టీరియాను కూడా చంపుతుంది. పీచును పులియబెట్టే బ్యాక్టీరియా లేకపోవడంతో పేగులో నీరు చేరుతుంది. ఖాళీ అయిన చోట క్లాస్ట్రిడియం డిఫిసిల్ వంటి మొండి క్రిమి పాతుకుపోయే ప్రమాదం కూడా ఉంటుంది. యాంటీబయాటిక్ తీసుకుంటున్న పిల్లలపై జరిగిన 33 పరీక్షలను 2019లో కలిపి చూసినప్పుడు, విరేచనాలు మామూలుగా 19 శాతం మందికి వస్తుంటే, ప్రోబయోటిక్ తీసుకున్నవారిలో 8 శాతం మందికే వచ్చాయి. రోజుకు 500 కోట్ల సూక్ష్మజీవులు, ఆ పైన ఇచ్చినప్పుడు మేలు ఎక్కువగా కనిపించింది. ఎక్కువగా పరీక్షించిన రకాలు రెండు: లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జి.జి., శాకరోమైసిస్ బౌలార్డీ. ఈ రెండోది బ్యాక్టీరియా కాదు, ఈస్ట్. ఫ్రెంచి శాస్త్రవేత్త హెన్రీ బౌలార్డ్ 1920లలో ఇండోచైనాలో లిచీ, మాంగోస్టీన్ పండ్ల తొక్కల నుంచి దాన్ని వేరుచేశాడు. ఈస్ట్ కాబట్టి యాంటీబయాటిక్ దాన్ని చంపలేదు.

ఈ అవసరానికి వాడదలిస్తే యాంటీబయాటిక్ మొదలుపెట్టిన రెండు రోజుల్లోపే మొదలుపెట్టండి. విరేచనాలు పట్టుకున్నాక మొదలుపెడితే ప్రయోజనం తగ్గుతుంది. బ్యాక్టీరియా రకమైతే యాంటీబయాటిక్‌కూ దానికీ మధ్య కనీసం రెండు గంటల వ్యవధి ఉంచండి. బౌలార్డీ అయితే ఆ ఎడం అవసరం లేదు గానీ, ఫంగస్‌కు మందులు వాడుతున్నవారికి అది పనికిరాదు, ఎందుకంటే ఆ మందు దాన్నే చంపేస్తుంది. ఇక కోర్సు పూర్తయ్యాక నెలల తరబడి సాగదీయవద్దు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ శాస్త్రవేత్తలు 2018లో 21 మందిపై జరిపిన పరీక్షలో, యాంటీబయాటిక్ తరవాత 11 తెగలున్న ప్రోబయోటిక్ తీసుకున్నవారిలో సొంత బ్యాక్టీరియా తిరిగి కోలుకోవడం ఆలస్యమైంది. చిన్న పరీక్షే అయినా, అది నన్ను ఆలోచనలో పడేసింది. విరేచనాలు రాకుండా ఆపడం ఒక లాభం, పేగు తన పూర్వస్థితికి రావడం వేరే లాభం అని అది గుర్తుచేస్తోంది.

పిల్లలకు ఉన్నట్టుండి వచ్చే నీళ్ల విరేచనాలకు ప్రోబయోటిక్ మీద ఆశ పెట్టుకోవద్దు. అమెరికాలోనూ కెనడాలోనూ జరిగిన రెండు పెద్ద పరీక్షలు 2018లో ఏ మేలూ చూపలేదు. అక్కడ ప్రాణం నిలబెట్టేది ఓ.ఆర్.ఎస్., దానితోపాటు డాక్టరు చెప్పిన మోతాదులో 10 నుంచి 14 రోజుల జింకు. సీసా కోసం మందుల షాపుకు పరుగెత్తే ముందు ఓ.ఆర్.ఎస్. కలిపి పట్టండి.

పాలు తాగితే కడుపు ఉబ్బరించేవారికి మాత్ర అక్కరలేదు, పెరుగు చాలు. తోడులోని బ్యాక్టీరియా పాలలోని లాక్టోజ్‌ను కొంత ముందే వినియోగించుకుంటుంది, మిగిలినదాన్ని పేగులో విడగొట్టడానికి తోడ్పడుతుంది. గ్రాముకు కనీసం 10 కోట్ల జీవించివున్న బ్యాక్టీరియా ఉండే యోగర్ట్ విషయంలో ఈ మాటను యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ 2010లో అంగీకరించింది. ఉబ్బరం, నొప్పి, మలబద్ధకం, విరేచనాలు మారిమారి వచ్చే ఐ.బి.ఎస్. ఉన్నవారి విషయంలో నిపుణులకే ఏకాభిప్రాయం లేదు. అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘాలు వద్దంటుంటే, బ్రిటిష్ వైద్యులు 12 వారాల వరకు ప్రయత్నించి, మార్పు లేకపోతే మానేయవచ్చంటున్నారు.

అయిదో మెట్టు: ముందు వంటింటి నుంచి మొదలుపెట్టండి

ప్రత్యేకమైన జబ్బేమీ లేని మనిషికి నేను చెప్పేది ఇదే: రోజుకు ఒకటి రెండు కప్పుల పెరుగో మజ్జిగో భోజనంలో ఉండనివ్వండి, దానిలోని బ్యాక్టీరియా ప్రాణంతో మీ పేగుకు చేరేటట్లు చూసుకోండి. పాలు బాగా కాచి, గోరువెచ్చగా అయ్యాకే తోడు వేయాలి. వేలు పెడితే చురుక్కుమనే వేడిలో తోడు వేస్తే బ్యాక్టీరియా చనిపోయి పెరుగు సరిగ్గా తోడుకోదు. పెరుగు తోడుకున్న వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. చలికి బ్యాక్టీరియా చావదు, దాని పని నెమ్మదిస్తుంది, పెరుగు పులిసిపోదు. తోడు కోసం నాలుగు రోజుల నాటి పుల్లటి పెరుగు వాడకుండా, ముందురోజు తాజా పెరుగులోంచి ఒక చెంచా పక్కకు తీసి ఉంచుకోండి.

వేడి తగిలితే మేలు పోతుందన్న సంగతి మనం తరచు మరిచిపోతాం. మజ్జిగ పులుసు రుచికరమైనదే గానీ, మరిగించాక అందులో జీవించివున్న బ్యాక్టీరియా మిగలదు. దద్దోజనం కలిపేటప్పుడు అన్నం, తాలింపు రెండూ చల్లారాక పెరుగు వేయండి. గది వేడిలో నెలల తరబడి నిలవ ఉండే అట్టపెట్టెల మజ్జిగను సాధారణంగా పులిశాక మళ్లీ వేడిచేస్తారు కాబట్టి దాహం తీర్చుకోవడానికే అది పనికివస్తుంది. ఇడ్లీ, దోసెల పిండి చక్కగా పులిసినా ఆవిరికీ పెనానికీ ఆ సూక్ష్మజీవులు చనిపోతాయి. పులియడం వల్ల పిండి తేలిగ్గా జీర్ణమవుతుంది, బి విటమిన్లు కొన్ని పెరుగుతాయి, అది వేరే మేలు. ఆవకాయ నిలవ ఉండేది ఉప్పు, ఆవపిండి, నూనె, మామిడి పులుపు వల్ల కాబట్టి దాన్ని ఈ లెక్కలోకి తేవద్దు.

చద్దన్నం సంగతి వేరు. రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసి ఉంచి, తెల్లవారి ఉల్లిపాయ నంజుకుని తినే పద్ధతిలో జీవించివున్న బ్యాక్టీరియా, దానికి మేతగా చల్లారిన అన్నంలోని జీర్ణం కాని పిండిపదార్థం, ఉల్లిలోని పీచు, అన్నీ ఒకే గిన్నెలో దొరుకుతాయి. కోస్తా జిల్లాల్లో కుండలో పులియబెట్టుకునే తరవాణిది కూడా ఇదే దారి. శుభ్రమైన నీరు, మూత ఉన్న గిన్నె తప్పనిసరి. రంగు మారినా, బూజు కనిపించినా, జిగట సాగినా పారబోయాలి. పులియబెట్టిన ఆహారానికి ఉన్న విలువను స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 36 మందిపై జరిపిన పరీక్ష 2021లో చూపించింది. పది వారాలపాటు యోగర్ట్, కెఫిర్ (పులిసిన పాల పానీయం), కిమ్చి (కొరియా వారి పులిసిన కూరగాయలు) వంటివి ఎక్కువగా తిన్న బృందంలో పేగు బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, వాపును సూచించే 19 ప్రొటీన్లు రక్తంలో తగ్గాయి. అలవాటు లేనివారు మాత్రం కొద్దికొద్దిగా పెంచుకోండి. మొదటి వారంలో కాస్త గ్యాస్ రావడం సహజం.

ఆరో మెట్టు: పెట్టె మీది రాతను పూర్తిగా చదవండి

కొనవలసిన అవసరం నిజంగా ఉందనుకుంటే, భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం కలిసి 2011లో ఇచ్చిన మార్గదర్శకాలు మీకు తోడుగా ఉంటాయి. వాటి ప్రకారం పెట్టె మీద సూక్ష్మజీవి ప్రజాతి, జాతి పేర్లతోపాటు తెగ పేరు కూడా ఉండాలి. లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ అన్నది మనిషికి ఇంటిపేరు, ఊరు చెప్పినట్లు. చివర ఉండే జి.జి. అన్నదే అసలు మనిషిని పట్టిస్తుంది. అది లేని పెట్టెను నేనైతే పక్కన పెడతాను. గడువు తేదీ నాటికి ఎన్ని ప్రాణంతో ఉంటాయో కూడా రాయాలి. తయారైన రోజున ఉన్న సంఖ్య ఎంత పెద్దదైనా మీకు ఉపయోగం లేదు. సంఖ్యను సి.ఎఫ్.యు.లలో (ప్రాణంతో ఉండి పెరగగల సూక్ష్మజీవుల లెక్కలో), బిలియన్లలో రాస్తారు. ఒక బిలియన్ అంటే వంద కోట్లు. ఎక్కువ తెగలు, ఎక్కువ కోట్లు ఉంటే ఎక్కువ మేలు అనుకోవద్దు. పరీక్షలో నెగ్గిన మోతాదు ఏదో అదే సరైన మోతాదు.

2020లో లాక్టోబాసిల్లస్ ప్రజాతిని శాస్త్రవేత్తలు 25గా విడదీశారు కాబట్టి, పాత రామ్నోసస్ ఇప్పుడు కొన్ని పెట్టెల మీద లాక్టికేసిబాసిల్లస్ రామ్నోసస్ అని కనిపిస్తుంది. తెగ పేరు అదే అయితే సూక్ష్మజీవి కూడా అదే. ఫ్రిజ్‌లో ఉంచమని రాసి ఉన్న పెట్టె షాపులో బయటి అలమరాలో కనిపిస్తే, మన మే నెల ఎండల్లో అందులో ప్రాణంతో ఎన్ని మిగిలి ఉంటాయో ఆలోచించండి. బాసిల్లస్ క్లాసీ, బాసిల్లస్ కోయాగులన్స్ వంటివి బీజరూపంలో (గట్టి పొర లోపల నిద్రాణంగా) ఉంటాయి కాబట్టి వేడికి, ఆమ్లానికి బాగా తట్టుకుంటాయి.

ఏడో మెట్టు: ఎవరు దూరంగా ఉండాలో గుర్తుపెట్టుకోండి

ఆరోగ్యవంతులకు ఇవి చాలావరకు క్షేమమే. కానీ ప్రాణమున్నదాన్ని శరీరంలోకి పంపుతున్నామన్న సంగతి మరవరాదు. నెదర్లాండ్స్‌లో క్లోమగ్రంథి వాపు తీవ్రంగా ఉన్నవారికి ప్రోబయోటిక్ ఇచ్చి చూసిన పరీక్షలో, అది తీసుకున్నవారిలో 16 శాతం మంది, తీసుకోనివారిలో 6 శాతం మంది మరణించారని 2008లో తేలింది. నెలలు నిండకుండా పుట్టిన శిశువుల విషయంలో అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2023లో హెచ్చరిక జారీచేసింది. కాబట్టి కీమోథెరపీ పొందుతున్నవారు, అవయవ మార్పిడి జరిగినవారు, ఐ.సి.యు.లో ఉన్నవారు, మెడ దగ్గరి పెద్ద సిరలో గొట్టం ఉన్నవారు, నెలలు నిండని పసివారు చికిత్స చేస్తున్న డాక్టరు చెప్పకుండా వీటిని వాడకూడదు. ఆసుపత్రిలో ఉన్న బంధువుకు మేలు చేద్దామని ఇంటి నుంచి పొడి తీసుకువెళ్లి కలిపి ఇవ్వడం ప్రేమతో చేసే పనే అయినా, ప్రమాదకరం.

ఎనిమిదో మెట్టు: వాడుతూ గమనించండి, రాసుకోండి

యాంటీబయాటిక్‌తోపాటు కాకుండా, ఉబ్బరం వంటి పాత ఇబ్బందికి వాడదలిస్తే, మొదలుపెట్టే ముందు ఒక వారం రోజులు రోజుకెన్నిసార్లు మలవిసర్జనకు వెళ్తున్నారో, ఉబ్బరం, నొప్పి ఎంత ఉన్నాయో ఒక పుస్తకంలో రాసుకోండి. ఆ తరవాత ఒకేసారి రెండు రకాలు కాకుండా ఒక్కటే రకం, పెట్టె మీద చెప్పినట్లు, రోజూ ఒకే సమయంలో వాడండి. మామూలు బ్యాక్టీరియా రకాలను భోజనంతోపాటు తీసుకుంటే జీర్ణాశయంలోని ఆమ్లం నుంచి కొంత రక్షణ దొరుకుతుంది. వేడి పాలల్లో, వేడి అన్నంలో పొడి కలపవద్దు. ఆ రోజుల్లో భోజనంలో కొత్త మార్పులు తేవద్దు, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు. నాలుగు వారాల తరవాత పాత రాత పక్కన కొత్త రాత పెట్టి చూడండి. తేడా లేకపోతే ఆపేయండి. తేడా ఉంటే కూడా ఒకసారి ఆపి, ఇబ్బంది తిరిగి వస్తుందో లేదో చూడండి, ఎందుకంటే కడుపు ఇబ్బందులు చాలా మటుకు వాటంతటవే తగ్గుతుంటాయి.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, తగ్గని జ్వరం, యాభై ఏళ్లు దాటాక మలవిసర్జన తీరులో కొత్తగా వచ్చిన మార్పు, వీటిలో ఏది కనిపించినా ఈ నాలుగు వారాలు ఎదురుచూడవద్దు. ఆ పుస్తకాన్ని వెంట తీసుకుని వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.